ప్రపంచానికి మందులు కొనేవాళ్లు అడిగే ఆరు ప్రశ్నలు

ఎక్కడో ఆఫ్రికాలోని పల్లెలో పసిబిడ్డకు వేసే టీకా, హెచ్‌ఐవీ బాధితులు రోజూ వేసుకునే మాత్ర... వీటిలో ఎన్నో మన హైదరాబాద్‌ నుంచి వెళ్తుంటాయి. వాటిని కొనే అంతర్జాతీయ సంస్థలు ధర ఒక్కటే చూసి డబ్బు కట్టవు. ప్రశ్న మీద ప్రశ్న వేసి, జవాబు కాగితం మీద ఉంటేనే సరకు తీసుకుంటాయి. ఆ ప్రశ్నలు మన వీధి చివరి మందుల దుకాణంలోనూ పనికొస్తాయి.

రాయదుర్గం మెట్రో స్టేషన్‌లో దిగితే చుట్టూ అద్దాల మేడలే. అన్నీ సాఫ్ట్‌వేర్‌ కంపెనీలే అనుకుంటాం. హెచ్‌ఐవీ మందులను ప్రపంచమంతటికీ పంపే అరబిందో ఫార్మా కార్యాలయం కూడా ఆ వరసలోనే ఉంది. నగరానికి మరో కొసన శామీర్‌పేట వైపు జీనోమ్‌ వ్యాలీలో భారత్‌ బయోటెక్‌, బయొలాజికల్‌-ఇ టీకాలు తయారవుతాయి. వీటికి పెద్ద కొనుగోలుదారుల్లో యూనిసెఫ్‌ ఒకటి. డెన్మార్క్‌ రాజధాని కోపెన్‌హేగన్‌లోని దాని సరఫరా విభాగం ప్రపంచంలో ఐదేళ్లలోపు పిల్లల్లో దాదాపు 45 శాతం మందికి టీకాలు సేకరించి పంపుతోంది.

ఈ కొనుగోళ్ల వెనక ఉండే పనిని ‘ప్రొక్యూర్‌మెంట్‌ సపోర్ట్‌’ అంటారు. టెండరు పత్రాలు చూడటం, ధరలు పోల్చటం, బ్యాచ్‌ల వారీగా పరీక్ష నివేదికలు సరిచూడటం, విమానంలో చోటు ఖాయం చేయటం, కస్టమ్స్‌ కాగితాలు సిద్ధం చేయటం, సరకు చేరాక దారిలో ఉష్ణోగ్రత ఎలా ఉందో పరిశీలించటం... అన్నీ కంప్యూటర్‌ ముందు కూర్చుని చేసేవే. మెడలో స్టెతస్కోపు ఉండదు. కానీ పత్రంలో ఒక్క బ్యాచ్‌ నంబరు తప్పు పడితే సరకు విమానాశ్రయంలోనే ఆగిపోవచ్చు. అవతల ఆరోగ్య కేంద్రంలో టీకాల ఫ్రిజ్‌ ఖాళీ అవుతుంది. అందుకే వీళ్లు దేన్నీ నమ్మకం మీద వదిలేయరు.

1. తయారుచేసింది ఎవరు?

ఐరాస సంస్థలు టీకాలు కొనాలంటే ముందుగా వాటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ అర్హత గుర్తింపు ఉండాలి. కర్మాగారాన్ని తనిఖీ చేసి, పరీక్షల సమాచారం చూశాకే దాన్ని ఇస్తారు. భారత్‌ బయోటెక్‌ టైఫాయిడ్‌ కాంజుగేట్‌ టీకాకు ఈ గుర్తింపు వచ్చినట్టు 2018 జనవరిలో ప్రకటించారు. ఆ రకం టీకాల్లో ప్రపంచంలో గుర్తింపు పొందిన మొదటిది అదే. యాంటీబయాటిక్స్‌కు లొంగని టైఫాయిడ్‌తో సతమతమైన పాకిస్థాన్‌ 2019 నవంబరులో దీన్నే పిల్లల సాధారణ టీకాల్లో చేర్చింది.

మనం చేయాల్సింది: తయారీ సంస్థ పేరు, లైసెన్స్‌ నంబరు, బ్యాచ్‌ నంబరు పట్టీ మీద ఉన్నాయో లేదో చూడాలి. బిల్లు తప్పక తీసుకోవాలి. మన దేశంలో ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద 2023 ఆగస్టు 1 నుంచి క్యూఆర్‌ కోడ్‌ లేదా బార్‌ కోడ్‌ తప్పనిసరి. స్కాన్‌ చేసినప్పుడు కనిపించే వివరాలు పట్టీ మీద ఉన్నవాటితో సరిపోవాలి.

2. ధర తగ్గితే నాణ్యత తగ్గినట్టేనా?

మధ్యతరగతి ఇళ్లలో ఎక్కువగా వినపడే అనుమానం ఇది. హెచ్‌ఐవీ మందుల కథే దీనికి జవాబు. 2000 ప్రాంతంలో ఒక్కో రోగికి ఏడాది మందుల ఖర్చు 10 వేల డాలర్లకు పైమాటే. 2017 సెప్టెంబరులో మూడు మందులను కలిపిన ఒకే మాత్రను ఏడాదికి సుమారు 75 డాలర్లకే ఇచ్చేందుకు అరబిందో, మైలాన్‌ సంస్థలతో ఒప్పందం కుదిరింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పరిశీలనలో నెగ్గిన జనరిక్‌ మాత్రే అది. పెద్దమొత్తంలో ఆర్డర్లు, కంపెనీల మధ్య పోటీ ధరను దించాయి.

మనం చేయాల్సింది: జనరిక్‌ అనగానే భయపడొద్దు. అదే మందు, అదే మోతాదు అవునో కాదో డాక్టరుతో సరిచూసుకుని వాడొచ్చు. మూర్ఛ, థైరాయిడ్‌ మందుల్లో మాత్రం డాక్టరుకు చెప్పకుండా కంపెనీ మార్చకూడదు.

3. దారిలో వేడి తగిలిందా?

చాలా టీకాలను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్‌ మధ్య ఉంచాలి. అందుకే పెట్టెల్లో ఉష్ణోగ్రతను నమోదు చేసే పరికరాలు పెట్టి పంపుతారు. చాలా సీసాల మీద చిన్న గుండ్రని గుర్తు, దాని మధ్యలో చతురస్రం ఉంటాయి. లోపలి చతురస్రం చుట్టూ ఉన్న రంగుకన్నా లేతగా ఉంటే వేడి వల్ల పాడుకానట్టు. రెండూ ఒకే రంగులో ఉన్నా, చతురస్రం ముదురుగా మారినా ఆ టీకా పారేయాల్సిందే. ఈ గుర్తు వేడినే చెబుతుంది. గడ్డకట్టినా కొన్ని టీకాలు పాడవుతాయి. హెపటైటిస్‌-బి టీకా అలాంటిదే.

మనం చేయాల్సింది: బిడ్డకు టీకా వేసేముందు సీసా చూపించమని అడగటం తప్పేం కాదు. పేరు, బ్యాచ్‌ నంబరు, గడువు టీకాల కార్డులో రాయించుకోవాలి. తెరవని ఇన్సులిన్‌ను ఫ్రిజ్‌లో ఉంచాలి, ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకూడదు. వాడకం మొదలెట్టిన చాలారకాల ఇన్సులిన్‌ గది ఉష్ణోగ్రత వద్ద నాలుగు వారాల వరకు పనిచేస్తుంది. మీ రకానికి ఎన్ని రోజులో పెట్టెలోని కరపత్రంలో ఉంటుంది. ఎండాకాలం ఆఫీసు బయట నిలిపిన కారులో ఇన్సులిన్‌ పెన్ను వదిలేయొద్దు.

4. గడువు ఎంతుంది?

సరకు చేరేసరికి ఇంకా ఎన్నాళ్ల గడువు మిగిలి ఉండాలో ఒప్పందంలోనే రాసుకుంటారు. గోదాములో గడువు ముందు ముగిసేదాన్ని ముందుగా బయటికి పంపుతారు.

మనం చేయాల్సింది: ఇంట్లోని మందుల డబ్బా మూడు నెలలకోసారి తీసి చూడండి. ముందు ముగిసేవి పైన సర్దండి. మాత్రలు తుంచేటప్పుడు గడువు తేదీ ఉన్న ముక్కను చివరిదాకా ఉంచండి.

5. ఎన్నాళ్లకు సరిపోతుంది?

ఆర్డరు పెట్టాక సరకు చేరటానికి నెలలు పట్టొచ్చు. అందుకే నిల్వ అయిపోకముందే లెక్కవేసి కొత్త ఆర్డరు పెడతారు.

మనం చేయాల్సింది: బీపీ, మధుమేహం, మూర్ఛ మాత్రలు చివరి పట్టీకి వచ్చేదాకా ఆగొద్దు. పది రోజుల మందులు ఉండగానే తెచ్చుకోండి. మూర్ఛ మందు ఉన్నట్టుండి ఆగితే ఫిట్స్‌ తిరగబెట్టే ప్రమాదముంది. యాంటీబయాటిక్స్‌ మాత్రం ‘ఎప్పుడైనా పనికొస్తాయి’ అని దాచుకోకూడదు.

6. తేడా వస్తే ఎవరికి చెప్పాలి?

శాంతా బయోటెక్నిక్స్‌ 1997లో మన దేశంలోనే తొలి రీకాంబినెంట్‌ హెపటైటిస్‌-బి టీకా తెచ్చిన హైదరాబాద్‌ సంస్థ. దాని ఐదు వ్యాధుల టీకా సీసాలు కొన్నింట్లో తెల్లటి పదార్థం గోడలకు అంటుకుని కనిపించింది. సరకు అందుకున్న దేశాలు ఆ సంగతి చెప్పాయి. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ టీకాను అర్హత జాబితా నుంచి తీసేసింది. లోపం సరిదిద్దుకున్నాక 2014లో మళ్లీ గుర్తింపు దక్కింది. ఎక్కడో సీసాను పరికించి చూసిన ఆరోగ్య సిబ్బంది చెప్పబట్టే ఇది బయటపడింది.

మనం చేయాల్సింది: మాత్ర రంగు మారినా, పొడి రాలుతున్నా, సిరప్‌లో తరకలు కనిపించినా వాడకండి. పట్టీ, బిల్లు దాచి దుకాణదారుకు, ఔషధ నియంత్రణ శాఖకు తెలపండి. మందుతో దుష్ప్రభావం అనిపిస్తే వెంటనే డాక్టరును కలవండి. 1800-180-3024 టోల్‌ఫ్రీ నంబరుకు కూడా చెప్పొచ్చు.

పేద, మధ్యాదాయ దేశాల్లో ప్రతి పది వైద్య ఉత్పత్తుల్లో కనీసం ఒకటి నాసిరకం లేదా నకిలీ అని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. ఇంటికి మందులు తెచ్చేవాళ్లు నాన్నగారైనా, అమ్మాయైనా దుకాణం దగ్గర రెండు నిమిషాలు ఆగి పట్టీ తిప్పి చూస్తే చాలు. కోట్ల డాలర్ల సరకు కొనేవాళ్లు చేసేదీ అదే.