ముల్లు తిప్పి చెప్పిన అభిప్రాయం

రేడియో సిలోన్ గురించి మాట్లాడినప్పుడల్లా మీరు అడిగే ప్రశ్న ఒకటుంది: "పొద్దున పాత హిందీ పాటల ప్రోగ్రామ్‌లో రోజూ చివర సైగల్ పాటే ఎందుకండీ? బోరు కొట్టదా?"

'పురానీ ఫిల్మోం కా సంగీత్' ఏడున్నరకి మొదలై ఎనిమిదికి అయిపోయేది. ఆఖరి పాట కె.ఎల్. సైగల్‌ది. ఆయన 1947లోనే చనిపోయారు. సినిమా పాటలు, గజళ్ళు అన్నీ కలిపినా దాదాపు 185. ఏడాదికేమో 365 రోజులు. లెక్క చూస్కోండి, విన్న పాటే మళ్ళీ మళ్ళీ రావాల్సిందే.

బోరు అనేవాళ్ళ మాటలో నిజముంది. కానీ అప్పుడు యూట్యూబ్ లేదు. ఆ మూడు నిమిషాలు తప్పితే ఆ గొంతు మళ్ళీ రేపే. పైగా సైగల్ పాట మొదలైందంటే ఎనిమిది కావస్తోందని గడియారం చూడకుండానే తెలిసిపోయేది.

అసలు సిలోన్‌కి అంతమంది ఎందుకెళ్ళారు? 1952లో బి.వి. కేస్కర్ సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యాక ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు మాయమయ్యాయి. శ్రోతలు రేడియో ముల్లు సిలోన్ వైపు తిప్పేశారు. చివరికి 1957 అక్టోబర్ 3న ఆకాశవాణే వివిధ భారతి మొదలుపెట్టాల్సొచ్చింది.

కాబట్టి నా మాట ఇదే: శ్రోత అభిప్రాయం ఉత్తరంలో మాత్రమే ఉండదు, ముల్లు ఎక్కడ ఆపాడన్నదాంట్లోనూ ఉంటుంది. ఇప్పుడు ఆ ముల్లు మీ బొటనవేలే. పాత పాట వచ్చిన ప్రతిసారీ స్కిప్ కొడితే, యాప్ దాన్ని మీకు చూపించడమే తగ్గించేస్తుంది. ఈ వారం ఒక్క పాత పాటైనా చివరిదాకా వినండి. ఉంటా మరి.