రెండు లోకాలకూ పరాయివాడే

ఆల్డస్ హక్స్‌లీ నవల 'బ్రేవ్ న్యూ వరల్డ్' 1932లో వచ్చింది. అందులో జాన్‌ను అందరూ 'అనాగరికుడు' అంటారు. మాటకు ముందు షేక్‌స్పియర్‌ను తలుచుకునేది మాత్రం ఆ అనాగరికుడే! నవల పేరు కూడా షేక్‌స్పియర్ నాటకం 'ది టెంపెస్ట్' నుంచి వచ్చిందే.

కథ జరిగేది ఫోర్డ్ శకం 632లో. ఫోర్డ్ మోడల్-టీ కారు వచ్చిన 1908 నుంచి లెక్క అన్నమాట. మన లెక్కలో 2540. ఆ కాలపు లండన్‌లో పిల్లలు సీసాల్లో తయారవుతారు. అమ్మ అన్న మాట బూతు. నాన్న అంటే నవ్వులాట. జాన్ లండన్‌కు వచ్చి, కన్నతండ్రి కాళ్ల దగ్గర మోకరిల్లి 'నాన్నా' అనగానే గది గదంతా పగలబడి నవ్వుతుంది.

అతని తల్లి లిండా లండన్ మనిషే. న్యూ మెక్సికోలో కంచె వేసిన ఆదివాసీ ప్రాంతాన్ని చూడ్డానికి వెళ్లి తప్పిపోయింది. అప్పటికే గర్భిణి కావడంతో సిగ్గుతో అక్కడే ఉండిపోయింది. లండన్ నేర్పిన పద్ధతిలోనే ఊరి మగవాళ్లతో మెలిగితే, వాళ్ల భార్యలు కొరడాతో కొట్టారు. ఈడు పిల్లలంతా పెద్దవాళ్లయ్యే క్రతువుకు వెళుతుంటే జాన్‌ను వరసలోంచి లాగేశారు. అతనికి దొరికిన మొదటి పుస్తకం పిండాల గదిలో పనిచేసేవాళ్లకు రాసిన సూచనలు. రెండోది, ఎలుకలు కొరికిన షేక్‌స్పియర్ సంపుటం.

నవలలో నన్ను అన్నిటికంటే కలచివేసేది ఆసుపత్రి ఘట్టం. జాన్‌తో పాటు లండన్‌కు తిరిగొచ్చిన లిండాకు, సోమా అనే మత్తుమందు మైకంలో ప్రాణం పోతుంటుంది. మంచం ఎదురుగా టీవీలో టెన్నిస్ పోటీ. ఒకే ముఖంతో ఉన్న కవల పిల్లల గుంపు మంచం చుట్టూ మూగుతుంది. చావంటే భయం పుట్టకుండా వాళ్లను అక్కడికి తెస్తారు, చాక్లెట్ మిఠాయిలు పంచుతారు. జాన్ వెక్కివెక్కి ఏడుస్తుంటే నర్సు బాధల్లా ఒక్కటే: ఆ ఏడుపు చూసి పిల్లల శిక్షణ పాడవుతుందేమోనని! యంత్ర నాగరికత మీద ఇంతకన్నా ఘాటైన అభియోగం నేను చదవలేదు.

ఆదివాసీ గ్రామం మాత్రం అంత బలంగా రాలేదు. రాసేనాటికి హక్స్‌లీ న్యూ మెక్సికో గడప తొక్కలేదు, పుస్తకాలు తిరగేసి రాశారు. అక్కడికి వెళ్లింది 1937లో.

జాన్‌కు రెండే దారులు, రెండూ పిచ్చివే ఇచ్చానని ఆయనే 1946 నాటి ముందుమాటలో ఒప్పుకున్నారు. మళ్లీ రాస్తే మూడోదారి చూపిస్తానన్నారు. 1962లో వచ్చిన 'ఐలాండ్' నవలలో ఆ వెతుకులాట కనిపిస్తుంది.

నవల చేతికి దొరికితే, 1946 ముందుమాటను చివర్లోనే చదవండి. జాన్ ఏమయ్యాడో అది ముందే చెప్పేస్తుంది.