మోమార్త్ర్ గుట్టమీది ఫిరంగులు

1871 మార్చి 18వ తేదీ తెల్లవారుజామున, పారిస్ నగరపు ఉత్తరభాగముననున్న మోమార్త్ర్ గుట్టపై నిలిపియున్న ఫిరంగులను స్వాధీనము చేసికొనుటకై, ప్రభుత్వాధినేత తియేర్ పంపిన సైన్యము నిశ్శబ్దముగా పైకెక్కెను. ఆ ఫిరంగులలో అనేకము ప్రష్యా ముట్టడికాలమున నగరవాసులు చందాలు వేసికొని పోయించినవగుటచే, అవి తమ సొత్తేయని శ్రామికులు దృఢముగా నమ్మియుండిరి. లాగికొనిపోవుటకు వలసిన గుఱ్ఱములు సకాలమునకు రాలేదు. ఈలోపల పేట మేల్కొనెను. స్త్రీలు, బాలురు, నగర పౌరసేనయగు నేషనల్ గార్డు భటులు సైనికులను చుట్టుముట్టిరి. జనులపై కాల్పులు జరుపుడని సేనాని లెకోంత్ ఆజ్ఞాపించినను సైనికులు దానిని పాటింపక ప్రజలతో కలిసిపోయిరి. ఆనాడే ఆగ్రహావిష్టులైనవారు లెకోంతును, మఱియొక సేనానిని కాల్చిచంపిరి; ఈ దుష్కృత్యమును, ఆ తిరుగుబాటునుండి పుట్టిన నగర ప్రభుత్వమైన పారిస్ కమ్యూన్ అభిమానులు సైతము మఱుగుపఱుపరాదు.

కార్మికుల చేతియందు ఆయుధమేల యను ప్రశ్నకు మార్క్సు, ఎంగెల్సులు 1850 మార్చిలో కమ్యూనిస్టు లీగునకు వ్రాసిన సందేశముననే సమాధానమిచ్చియుండిరి. 1848 ఫిబ్రవరిలో రాచరికమును కూలద్రోయుటకు ప్రాణములొడ్డిన పారిస్ కార్మికులే, జూన్ నెలలో, తాము నెలకొల్పిన గణతంత్రపు సైన్యముచేతనే ఊచకోతకు గుఱియైరి. మిత్రులుగా వచ్చిన మధ్యతరగతివారు అధికారము చేజిక్కినంతనే శత్రువులగుదురను ఆ చేదు అనుభవమునుండియే, కార్మికులు తామెన్నుకొనిన నాయకులక్రింద ప్రత్యేక దళములుగా నిలిచి, నిరాయుధులగుటకు ఒప్పుకొనరాదను ఆ హితవు పుట్టినది. ఇందలి ముఖ్యాంశము తుపాకి కాదు, ఎన్నిక. ఒంటరి సాహసికుని హత్యాప్రయత్నమునకును, తన పేటవారికి జవాబుదారియైన దళమునకును గల అంతరమును గుర్తింపనివారు ఈ సిద్ధాంతమును అపార్థము చేసికొన్నవారే.

1871లో కమ్యూన్ తన తొలి శాసనములలోనే నిర్బంధ సైనికసేవను రద్దుచేసి, నేషనల్ గార్డు తప్ప వేఱు సాయుధబలము నగరమున ఉండరాదని ప్రకటించెను. మార్క్సు దీనిని మిక్కిలి కొనియాడెను. కాని ప్రభుత్వ సైన్యము నగరమును తిరిగి పట్టుకొనిన మే 21 మొదలు 28 వఱకు గల రక్తసిక్త వారమున వేలకొలది కమ్యూనార్డులు హతులైరి.

రైలుమార్గములు, నూతన తుపాకులు, విశాలములైన తిన్నని వీథులు సైన్యమునకే అనుకూలించుచుండగా, వీథులలో అడ్డుగోడలు కట్టి పోరాడు పాత పద్ధతికి కాలము చెల్లెనని ఎంగెల్సు 1895లో మార్క్సు గ్రంథమొకదానికి వ్రాసిన పీఠికలో తెలిపెను. అయినను తిరుగుబాటు హక్కును ఆయన విడిచిపెట్టలేదు. మార్క్సు పేరిట ఆయుధమును గూర్చి మాటలాడువారు 1850 సందేశమును, 1895 పీఠికను కలిపియే చదువుదురుగాక.