‘48 వోల్టుల’ మాటున ముప్పు
లిథియం బ్యాటరీకి తగిన చార్జరే రక్ష

నిజామాబాద్: 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోని ఓ ఇంట్లో రాత్రివేళ చార్జింగ్ పెట్టిన విద్యుత్ స్కూటర్ బ్యాటరీ తెల్లవారుజామున పేలి 80 ఏళ్ల వృద్ధుడు మృతిచెందారు. దేశంలో ఇటువంటి ప్రమాదాలు వరుసగా జరగడంతో కేంద్ర ప్రభుత్వం వాహన బ్యాటరీల ప్రమాణమైన ఏఐఎస్-156ను సవరించి, 2022 డిసెంబరు నుంచి దశలవారీగా అమలులోకి తెచ్చింది. అయితే ఇది వాహనాలకే పరిమితం. బోధన్, నిజాంసాగర్ ఆయకట్టు రైతులు పొలాల్లో వాడే బ్యాటరీ స్ప్రేయర్లకు ఇది వర్తించదు. పాత బ్యాటరీ తీసి లిథియం ప్యాక్ అమర్చుకునేవారు చార్జర్ విషయంలో తామే జాగ్రత్త వహించాలి.

నాలుగు దశల్లో చార్జింగ్
సాధారణంగా వాడే ఎన్‌ఎంసీ రకం లిథియం సెల్ పూర్తిగా నిండినప్పుడు 4.2 వోల్టులు చూపుతుంది. చార్జర్ సర్క్యూట్ మొదట సెల్ వోల్టేజీని పరిశీలించాలి. అది 3 వోల్టుల కన్నా తగ్గి ఉంటే స్వల్ప కరెంటుతో మెల్లగా పైకి తేవాలి. ఆ తర్వాత స్థిరమైన కరెంటు ఇవ్వాలి. 2 ఆంపియర్ అవర్ సెల్‌కు 1 ఆంపియర్ సురక్షితం. 4.2 వోల్టులకు చేరగానే వోల్టేజీని అక్కడే నిలిపితే కరెంటు క్రమంగా తగ్గుతుంది. బిందె అంచుకు నీరు చేరేటప్పుడు నల్లా కట్టు తిప్పుతూ రావడం వంటిదే ఇది. కరెంటు 0.1 ఆంపియర్‌కు తగ్గగానే చార్జింగ్ పూర్తిగా ఆగిపోవాలి. లెడ్ యాసిడ్ చార్జర్లు బ్యాటరీ నిండిన తర్వాత కూడా కొద్దిపాటి కరెంటు పంపుతూనే ఉంటాయి. లిథియంకు అది హానికరం.

అంకె ఒకటే.. బ్యాటరీలు మూడు
మార్కెట్లో ‘48 వోల్టులు’ అన్న పేరుతో మూడు రకాల బ్యాటరీలు లభిస్తాయి. 13 ఎన్‌ఎంసీ సెల్‌ల ప్యాక్ 54.6 వోల్టులకు నిండుతుంది. ఫాస్ఫేట్ రకమైన ఎల్‌ఎఫ్‌పీ సెల్ 3.65 వోల్టులకు నిండుతుంది కనుక 16 సెల్‌ల ప్యాక్‌కు 58.4 వోల్టులు కావాలి. నాలుగు లెడ్ యాసిడ్ బ్యాటరీల జతకు సుమారు 58 వోల్టులు అవసరం. ఎల్‌ఎఫ్‌పీ చార్జర్‌ను ఎన్‌ఎంసీ ప్యాక్‌కు తగిలిస్తే ఒక్కో సెల్‌పై దాదాపు 4.5 వోల్టులు పడతాయి. స్ప్రేయర్లలోనూ ఇదే చిక్కు. మూడు సెల్‌ల లిథియం ప్యాక్‌కు 12.6 వోల్టులు చాలు. పాత లెడ్ యాసిడ్ చార్జర్ 14.4 వోల్టులు ఇస్తే ఒక్కో సెల్‌పై 4.8 వోల్టులు పడతాయి. అప్పుడు సెల్ లోపల వేడి పెరిగి మంటలకు దారితీయవచ్చు.

బీఎంఎస్ ఉందన్న ధీమా తగదు
ప్యాక్‌లో ఉండే బీఎంఎస్ అనే రక్షణ సర్క్యూట్ వోల్టేజీ హద్దు మీరితే కరెంటును తెంచుతుంది. అది ఆఖరి రక్షణ మాత్రమే. రోజూ దానిపైనే భారం వేస్తే, అది చెడిపోయిన నాడు అడ్డుకునేది ఏదీ ఉండదు. పంట కాలం ముగిశాక నెలల తరబడి కొట్టంలో పడి ఉన్న బ్యాటరీ మరీ దిగిపోతే సెల్ లోపలి రాగి కరిగి షార్ట్ సర్క్యూట్‌కు కారణం కావచ్చు. అటువంటి దానికి ఒక్కసారిగా పూర్తి కరెంటు ఇవ్వరాదు. సెల్ 45 డిగ్రీలు దాటితే చార్జింగ్ నిలిపే ఉష్ణోగ్రత సెన్సర్ మన వేసవిలో తప్పనిసరి.

ఇవి పాటించాలి
- చార్జర్‌పై ముద్రించిన అవుట్‌పుట్ వోల్టేజీ బ్యాటరీ పూర్తి వోల్టేజీతో సరిపోలాలి. పిన్ సరిపోయినంత మాత్రాన వాడరాదు.
- ప్యాక్ కొనేటప్పుడు సెల్ రకం, సెల్‌ల సంఖ్య బిల్లుపై రాయించుకోవాలి.
- ఎండలో తిరిగి వచ్చిన వెంటనే కాక, బ్యాటరీ చల్లబడ్డాకే చార్జింగ్ పెట్టాలి.
- ఉబ్బిన, నీట తడిసిన, కిందపడి దెబ్బతిన్న బ్యాటరీకి చార్జింగ్ పెట్టరాదు.
- పడకగదిలో, గుమ్మం వద్ద, గడ్డివాము సమీపంలో చార్జింగ్ పెట్టరాదు. అందరూ నిద్రించే వేళ అసలే వద్దు.

సెల్ తయారీలో లోపం ఉంటే చార్జర్ ఎంత మంచిదైనా ప్రమాదం జరగవచ్చు. దాన్ని కనిపెట్టడం వినియోగదారునికి సాధ్యం కాదు. చార్జర్‌పై ఉన్న అంకెను చదవడం మాత్రం ప్రతి ఒక్కరి చేతిలో ఉన్న పనే.