అటు కట్లా కాదు, ఇటు శీలావతీ కాదు!
కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పట్టుబడి రోజున వలలో ఒక్కోసారి వింత చేప కనబడుతుంది. తల కట్ల తలంత పెద్దది కాదు. ఒళ్లు మాత్రం శీలావతి కంటే వెడల్పు. ఆ రెండు జాతులూ కలిసి పుట్టిన సంకర చేప ఇది.

ఏటిలో ఈ కలయిక అరుదు. ఈ చేపలు వానాకాలం వరద నీటిలోనే గుడ్లు పెడతాయి, చెరువు నీటిలో పెట్టవు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలికుంహి పీయూష గ్రంథి రసాన్ని ఇంజక్షన్‌గా ఇచ్చి గుడ్లు పెట్టించారు. అప్పటినుంచి రైతుకు పిల్ల కొరత తీరే దారి దొరికింది. ఏటా జూలై 10న మత్స్య రైతుల దినోత్సవం జరపడం అందుకే.

అయితే చిక్కు కూడా అక్కడే వచ్చింది. చేప గుడ్లు నీటిలోకి వచ్చాకే వాటికి మగచేప వీర్యం తగులుతుంది. హేచరీలో ఒకే తొట్టెలో రెండు జాతులను వదిలితే ఒకదాని గుడ్లకు మరొకదాని వీర్యం తగులుతుంది. రెండింటికీ క్రోమోజోములు 50 చొప్పునే ఉండటంతో పిల్ల చక్కగా బతుకుతుంది.

కట్ల పైనీటిలో, శీలావతి నడిమి నీటిలో మేస్తాయి. ఆ లెక్క చూసుకునే రైతు పిల్లలను వదులుతాడు. సంకర చేప కట్లంత వేగంగా పెరగదు. కట్ల పిల్లలని కొన్న రైతు లెక్క తప్పుతుంది.

అసలు ముప్పు వేరే ఉంది. కంచర గాడిదకు సంతానం కలగదు. ఈ చేప అలా కాదు, గుడ్లు పెడుతుంది. అది తిరిగి శీలావతితో కలిస్తే, రెండు మూడు తరాలకు చూపులకు శీలావతి లాగే ఉంటుంది. కల్తీ సంగతి డి.ఎన్.ఏ. పరీక్షలోనే తేలుతుంది. వరదకు గట్లు తెగితే ఈ చేపలు ఏటిలో కలుస్తాయి. అక్కడి మేలు జాతి ఒకసారి చెడితే మళ్లీ తెచ్చుకోవడం కష్టం.

ఈ చేపను తినడంలో దోషమేమీ లేదు. అనుమానం ఉన్నదాన్ని బజారుకు పంపవచ్చు, తల్లి చేపగా మాత్రం ఉంచరాదు. రెండు జాతుల తల్లి చేపలను వేర్వేరు చెరువుల్లో పెంచాలి. ఒకే తొట్టెలో రెండింటినీ కలపరాదు. ఏటా సీజను మొదలయ్యే ముందే హేచరీల్లోని తల్లి చేపలను మత్స్యశాఖ అధికారులు పరీక్షిస్తే రైతులకు ఎంతో మేలు చేసినవారవుతారు.