కణం బతికే ఉందా? ఎలా చెబుతారు?

‘మీ ఫ్లాస్కులో కణాలు ఆరోగ్యంగా ఉన్నాయని ఎలా చెబుతారు?’ సెల్ కల్చర్ ఉద్యోగానికి వెళ్తే ఈ ప్రశ్నకు సిద్ధపడి వెళ్లండి. ‘ఎంటీటీ చేస్తాం సర్’ అని టక్కున చెప్పేయొచ్చు. ‘అది దేన్ని కొలుస్తుంది?’ అని వెంటనే అడిగితేనే చాలామంది నీళ్లు నములుతారు. మీకు పట్టుందో లేదో తేలేది అక్కడే!

నీలం ఎక్కితే పోయినట్టే

మొదట ట్రైపాన్ బ్లూ. బతికున్న కణం పొర ఈ రంగును లోపలికి రానివ్వదు. చనిపోయిన కణం పొర చిరిగి ఉంటుంది కాబట్టి నీలంగా మారిపోతుంది. కణాల ద్రవాన్ని, రంగును సమానంగా కలిపి హీమోసైటోమీటర్ మీద వేసి లెక్కపెడతారు. నాలుగు మూల గళ్లలో 180 తెల్లనివి, 20 నీలివి కనిపించాయనుకోండి. మొత్తం 200లో 180 బతికున్నాయి, అంటే 90 శాతం. గడికి సగటున 45. రంగు కలిపి పలుచన చేశాం కాబట్టి రెండుతో, తర్వాత 10,000తో గుణించండి. మిల్లీలీటరుకు 9 లక్షల సజీవ కణాలు. ఈ లెక్క కాగితం మీద చకచకా వేయగలగాలి. రంగు కలిపాక అయిదు నిమిషాల్లోపే లెక్కపెట్టేయండి. ఆలస్యమైతే బతికున్నవీ నీలం పీల్చుకుంటాయి.

నా కోడ్ చేసిన తప్పు

నాది ఇంజినీరింగ్, బయాలజీ కాదు. ఓసారి ఫ్రెండ్ కోసం ఫొటోల్లో ఈ కణాల్ని లెక్కపెట్టే పైథాన్ ప్రోగ్రాం రాశా. తను చేత్తో లెక్కేస్తే 92 శాతం, నా ప్రోగ్రాంలో 70! రెండు రోజులు కోడ్ అంతా జల్లెడ పట్టా. చివరికి తనే నన్ను మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టింది. రంగు గడ్డల్ని, కణాల తుక్కుని కూడా నా ప్రోగ్రాం చనిపోయిన కణాలుగా లెక్కేస్తోంది. నాకు కోడ్ తెలుసు, కణం తెలీదు. ఇమేజ్ అనాలిసిస్ వైపు వెళ్లాలనుకునే బీటెక్ మిత్రులూ, ఇది గుర్తుంచుకోండి.

ఊదా రంగు చెప్పని నిజం

ఎంటీటీ పద్ధతిని టిమ్ మోస్‌మన్ 1983లో ప్రచురించారు. చురుగ్గా ఉన్న కణాలు పసుపు రంగు ఎంటీటీని ఊదా రంగు ఫార్మజాన్‌గా మారుస్తాయి. దాన్ని కరిగించి 570 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీస్తారు. అంటే ఇది కొలిచేది జీవక్రియను, చావును కాదు. మందు వేశాక రీడింగ్ సగానికి పడిందనుకోండి. సగం కణాలు చచ్చాయా? విభజన ఆగిపోయిందా? బతికే ఉండి నెమ్మదించాయా? ఈ ఒక్క పరీక్షతో తేలదు. ‘మందు క్యాన్సర్ కణాల్ని చంపేసింది’ అని రిపోర్టులో రాసేస్తే, ఆ తప్పు మీద నెలల పని, డబ్బు వృథా అవుతాయి.

అందుకే రెండో సాక్ష్యం కావాలి. పొర చిరిగిందా అన్నది బయటికి కారిన ఎల్‌డీహెచ్ ఎంజైమ్ చెబుతుంది. కణం చావుకు సిద్ధమవుతోందా అన్నది అనెక్సిన్-వి చెబుతుంది. ఆ దశలో పొర ఇంకా గట్టిగానే ఉంటుంది కాబట్టి ట్రైపాన్ బ్లూకి దొరకదు. మైకోప్లాస్మా అనే మరో దొంగ ఉంది. మామూలు మైక్రోస్కోప్‌కి కనిపించదు, ఫలితాల్ని మాత్రం తారుమారు చేస్తుంది. పీసీఆర్‌తో పట్టుకోవచ్చు.

ఇప్పుడేం చేయాలి?

హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో వ్యాక్సిన్, బయోలాజిక్స్ కంపెనీలున్నాయి. అక్కడ సెల్ కల్చర్ రోజువారీ పని. కాలేజీ ల్యాబ్‌లో ఈస్ట్ దొరికినా చాలు, మిథిలీన్ బ్లూతో బతికినవి, పోయినవి లెక్కపెట్టడం ప్రాక్టీస్ చేయండి. ఒకే శాంపిల్‌ను మీరూ, మీ ఫ్రెండూ విడివిడిగా లెక్కించి పోల్చుకోండి. తేడా ఎందుకొచ్చిందో నోట్‌బుక్‌లో రాసుకోండి.

రేపు ఇంటర్వ్యూలో పరీక్ష పేరుతో ఆగకండి. అది ఏం కొలుస్తుందో, ఎక్కడ మోసం చేస్తుందో కూడా చెప్పండి. ఆల్ ది బెస్ట్!