వెదురు ఎలుకలో దొరికిన బూజు

ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే అమ్మ ఎందుకు కోప్పడుతుందో మీకు తెలుసు. నాలుగు రోజుల్లో పైన తెల్లగా బూజు కడుతుంది. బూజుల సిద్ధబీజాలు గాలిలో ఎప్పుడూ తేలుతూనే ఉంటాయి. ఊపిరితో పాటు కొన్ని మన లోపలికీ పోతాయి. మరి ఆవకాయకు పట్టిన బూజు మనకెందుకు పట్టదు?

మన ఒంటి వేడి 37 డిగ్రీల సెంటిగ్రేడు. చాలా బూజులు ఆ వేడికి సరిగా పెరగలేవు. పెరగగలిగిన వాటిని ఊపిరితిత్తుల్లో కాపలా కాసే భక్షక కణాలు మింగి చంపేస్తాయి.

ఈ రెండు అడ్డంకులనూ దాటగల బూజు ఒకటుంది. 1956లో వియత్నాంలోని దలాత్ పట్టణంలో, పాశ్చర్ సంస్థలో ఉన్న ఒక వెదురు ఎలుక చనిపోయింది. వెదురు పొదల కింద బొరియలు తవ్వుకొని వేళ్లు కొరికి తినే బొద్దు జంతువది. మన ఇళ్లలో తిరిగే ఎలుక కంటే చాలా పెద్దది. దాని కాలేయంలో ఓ కొత్త బూజు కనిపించింది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సెగ్రెటాన్ 1959లో దానికి పెనిసిలియం మార్నెఫై అని పేరు పెట్టారు. పెనిసిలిన్ మందునిచ్చిన బూజుకు చుట్టమన్నమాట! (2011లో దీన్ని టాలరోమైసిస్ అనే ప్రజాతిలోకి మార్చారు.) పరిశోధన చేస్తుండగా ఆ బూజు అంటిన సూది ఆయన వేలికే గుచ్చుకుంది. వేలి మీద చిన్న గడ్డ లేచింది. చంకలో బిళ్ల కట్టింది. నిస్టాటిన్ అనే మందుతో నయమైంది.

ఇంతకీ దాని కిటుకేమిటి? 25 డిగ్రీల దగ్గర అది మామూలు బూజే. దారాల్లా అల్లుకుంటుంది, చుట్టూ ఎర్రని రంగు చిమ్ముతుంది. 37 డిగ్రీలకు తెచ్చారా, దారాలు పోయి ఈస్టు లాంటి విడివిడి కణాలవుతాయి. మింగిన భక్షక కణంలోనే కాపురం పెట్టి, అడ్డగోడ కట్టుకొని రెండుగా చీలుతూ పెరుగుతాయి.

అయినా ఆరోగ్యవంతులకు దీనివల్ల జబ్బు రావడం అరుదు. భక్షక కణాలను హెచ్చరించి వాటికి బలమిచ్చే సహాయక కణాలు మనకున్నాయి. ఎయిడ్స్ వైరస్ నాశనం చేసేది సరిగ్గా వీటినే. సహజంగా ఈ బూజు సోకిన మొదటి మనిషి సంగతి 1973లో వెల్లడైంది. ఆయనకు శోషరస గ్రంథుల కాన్సర్ ఉండేది. ఎయిడ్స్ వచ్చాక ఉత్తర థాయిలాండ్, వియత్నాంలలో ఎందరో దీని పాలబడ్డారు. మన మణిపూర్‌లోనూ రోగులున్నట్లు 1999లో ప్రకటించారు.

లోపల కాలేయానికీ, ప్లీహానికీ పాకిన జబ్బు చాలామందిలో చర్మం మీద బయటపడుతుంది. ముఖం మీద, చేతుల మీద మొటిమల్లాంటి పొక్కులు లేస్తాయి. అయితే వాటి నడుమ బొడ్డులా గుంట ఉంటుంది. మొటిమలే కదా అని ఊరుకుంటే ప్రాణం పోవచ్చు. తెలిసిన డాక్టరు పొక్కును కాస్త గీకి సూక్ష్మదర్శినిలో చూస్తాడు. నడుమ అడ్డగోడ ఉన్న కణాలు కనిపిస్తే చాలు, మందు మొదలుపెట్టవచ్చు.

ఏ మందు? వియత్నాంలో 440 మంది రోగులపై జరిపిన పరిశీలన ఫలితాలు 2017లో వచ్చాయి. మొదట ఇట్రకొనజోల్ బిళ్లలు తీసుకున్నవారిలో ఆరు నెలల్లో నూటికి 21 మంది చనిపోగా, మొదట ఆంఫోటెరిసిన్ నరానికి ఎక్కించిన వారిలో 11 మందే చనిపోయారు. రెండు వారాలు ఆంఫోటెరిసిన్ ఇచ్చాక ఇట్రకొనజోల్‌కు మారుస్తారు. దానితోపాటు ఎయిడ్స్ వైరస్‌ను అణిచే మందులూ వాడాలి. సహాయక కణాలు మళ్లీ తగినన్ని పెరిగేదాకా ఆ బిళ్లలు మానకూడదు.